వైఫై వేగాన్ని నమ్మకంగా కొలవడం: ప్రాజెక్టు డైరీ

సమస్య ఇది. రాసుకునే బల్ల దగ్గర వీడియో కాల్ పదే పదే ఆగిపోతోంది. అదే బల్ల దగ్గర ఫోనులో వేగపరీక్ష యాప్ నొక్కితే 90 మెగాబిట్లకు పైగా చూపిస్తోంది. వీడియో కాల్‌కు నాలుగైదు మెగాబిట్లు చాలు. అంటే ఆ యాప్ చెప్పే అంకెకూ కాల్ తెగడానికీ సంబంధం లేదు. సంబంధం ఉన్న అంకె ఏదో పట్టుకుని, దాన్ని సరిచేయడమే ఈ పని.

ఇదే పని చేయాలనుకునేవారు మెట్లను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. కొలత ఎక్కడెక్కడ దారి తప్పిందో వివరంగా రాశాను, ఎందుకంటే సమయమంతా అక్కడే పోతుంది. వేగాలన్నీ సెకనుకు మెగాబిట్లలో ఉన్నాయి. ఫైళ్ల కాపీ చూపించే మెగాబైట్లు కావాలంటే 8తో భాగించుకోండి.

వాడిన సామాను

రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) రూటర్ (వైఫై 5, రెండు యాంటెన్నాలు, గిగాబిట్ పోర్టులు). లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్, దానిలోని వైఫై కార్డు కూడా అదే తరం. ఎప్పుడూ తీగతో రూటర్‌కు కలిపి ఉంచే పాత డెస్క్‌టాప్. కొలత టేపు, నేల మీద గుర్తులకు రంగు టేపు, ల్యాప్‌టాప్ పెట్టడానికి ఒక చెక్క స్టూలు. సాఫ్ట్‌వేర్‌లో రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలవడానికి ఐపెర్ఫ్3, జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటానికి పింగ్, సిగ్నల్ చూడటానికి ఐడబ్ల్యూ, తీగ వేగం చూడటానికి ఈథ్‌టూల్. అన్నీ ఉచితం.

ఇంట్లోనే ఒక సర్వర్ ఎందుకంటే, వేగపరీక్ష యాప్ కొలిచేది ఫోను నుంచి దూరాన ఉన్న సర్వర్ దాకా మొత్తం దారిని. ఆ దారిలో వైఫై ఒక ముక్క మాత్రమే. నా ఇంటర్నెట్ లైను 100 మెగాబిట్లది కాబట్టి, వైఫై 500 ఇస్తున్నా 150 ఇస్తున్నా యాప్ తొంభై చిల్లరే చూపిస్తుంది. వైఫైని మాత్రమే కొలవాలంటే అవతలి కొస రూటర్ పక్కనే ఉండాలి.

## మెట్టు 1: ముందు తీగను కొలవాలి

1. రెండు కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ ఐపెర్ఫ్3 పెట్టాలి.
2. డెస్క్‌టాప్‌లో దాన్ని సర్వర్‌గా నడపాలి. అది 5201 పోర్టు వాడుతుంది, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరవాలి.
3. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, దాన్ని కూడా తీగతో రూటర్‌కు కలపాలి.
4. రెండు దిశల్లోనూ 30 సెకన్ల చొప్పున కొలవాలి.
5. దాదాపు 940 రాకపోతే అక్కడే ఆగాలి.

వచ్చింది 94.1. రెండు దిశల్లోనూ అంతే, ఒక్క సెకను కూడా అటూ ఇటూ కదలలేదు. వైఫై అంకెలు ఎప్పుడూ ఊగుతూ ఉంటాయి. ఇంత నిలకడగా ఒక అంకె వచ్చిందంటే ఎక్కడో ఒక గట్టి పరిమితి ఉందని అర్థం. ఈథ్‌టూల్ డెస్క్‌టాప్ పోర్టు వేగాన్ని 1000కి బదులు 100 అని చూపించింది.

కారణం కేబుల్. ఈథర్‌నెట్ కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు సరిపోతాయి, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. గిగాబిట్‌కు మాత్రమే కావలసిన ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ కనెక్టర్‌లో సరిగా తగలకపోయినా రెండు వైపుల పోర్టులూ కిందికి దిగి 100 దగ్గర రాజీపడతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉంటుంది, అనుమానం రావడానికి ఆస్కారమే ఉండదు. ఈ మెట్టు దాటవేసి నేరుగా వైఫైని కొలిచి ఉంటే దగ్గరి గదుల్లో అన్నిచోట్లా 94 వచ్చేది, నింద వైఫై మీద పడేది.

కేబుల్ మార్చాక 941 వచ్చింది. 1000కి బదులు 941 ఎందుకో చూడటం మంచిది, ఎందుకంటే ఇది లెక్క ప్రకారం రావలసిన అంకె. ఒక ప్యాకెట్ (సమాచారాన్ని ముక్కలు చేసి పంపే చిన్న మూట) తీగ మీద మొత్తం 1538 బైట్ల చోటు తీసుకుంటుంది: 1500 బైట్ల ప్యాకెట్, దాని చుట్టూ ఉండే హెడర్ (చిరునామా భాగం), తనిఖీ బైట్లు, రెండు ప్యాకెట్ల మధ్య ఖాళీ. ఆ 1500లో టీసీపీ, ఐపీ (సమాచారం చేరవేసే నియమాలు) హెడర్లు, టైమ్‌స్టాంపు పోను అసలు సమాచారం 1448 బైట్లు. 1448ని 1538తో భాగిస్తే 0.941. కొలత లెక్కతో సరిపోయింది కాబట్టి ఈ సర్వర్‌ను ఇక నమ్మవచ్చు.

సర్వర్‌గా చిన్న బోర్డు వాడాలనుకునేవారికి ఒక మాట. రాస్‌ప్బెర్రీ పై 3బీలో ఉన్నది 100 మెగాబిట్ల పోర్టే. 3బీ ప్లస్‌లో గిగాబిట్ పోర్టు ఉన్నా అది యూఎస్‌బీ 2 మీదుగా వెళ్తుంది కాబట్టి 300 దాటదు. పై 4లో పూర్తి గిగాబిట్ వస్తుంది. అలాగే ఐపెర్ఫ్3 3.16 వెర్షన్‌కు ముందు ఒకే థ్రెడ్‌తో నడిచేది. పాత ప్రాసెసర్‌లో ఒక కోర్ పూర్తిగా నిండిపోతే కొలతకు వచ్చేది ఆ కోర్ వేగమే. కొలిచేటప్పుడు పక్కన ప్రాసెసర్ వాడకం కూడా చూస్తూ ఉండాలి.

ఇప్పటివరకు లెక్క: తీగ మీద 941 / 941. వైఫై ఇంకా కొలవలేదు.

## మెట్టు 2: ఒకే చోట పది రకాల అంకెలు

ఇంట్లో ఐదు చోట్ల నేల మీద టేపు అంటించి క, చ, ట, త, ప అని పేర్లు పెట్టాను.

క: రూటర్ ఉన్న గదిలోనే, 2 మీటర్లు.
చ: అదే గది చివర, 6 మీటర్లు.
ట: ఒక గోడ అవతల, 7 మీటర్లు.
త: రెండు గోడల అవతల, 11 మీటర్లు. కాల్ తెగే బల్ల ఇదే.
ప: ఆ గది దాటాక ఆరుబయట, 14 మీటర్లు.

త దగ్గర వరుసగా వచ్చిన మొదటి అంకెలు: 212, 97, 148, 31, 205. వీటి సగటు తీసి ‘139’ అని రాసుకుంటే ఆ 139కి ఏ అర్థమూ లేదు. చెదురుకు కారణాలను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

మొదటిది బ్యాండ్ మారడం. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉండటంతో ల్యాప్‌టాప్ తనకు తోచినప్పుడు 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కి దూకుతోంది. ఆ 31 అలా వచ్చిందే. రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టాక ఆ దూకుడు పోయింది. పని అయ్యాక మళ్లీ ఒకే పేరు పెట్టుకోవచ్చు.

రెండోది దిశ. ఐపెర్ఫ్3 మామూలుగా క్లయింట్ నుంచి సర్వర్‌కు పంపుతుంది, అంటే ల్యాప్‌టాప్ వైపు నుంచి చూస్తే అది అప్‌లోడ్. డౌన్‌లోడ్ కావాలంటే తిరగేసే ఆప్షన్ (మైనస్, పెద్ద ఆర్) ఇవ్వాలి. రెండింటినీ ఒకే వరుసలో కలిపి రాస్తే ఏ అంకె ఏదో తెలియదు. ఇకపై ‘డౌన్‌లోడ్ / అప్‌లోడ్’ అని విడిగానే రాస్తున్నాను.

మూడోది వ్యవధి. మామూలు పరీక్ష 10 సెకన్లే. మొదటి రెండు మూడు సెకన్లలో టీసీపీ వేగం పుంజుకుంటూ ఉంటుంది, రూటర్ కూడా ఏ రేటు నిలబడుతుందో తడుముకుంటూ ఉంటుంది. 30 సెకన్లు నడిపి మొదటి మూడింటిని వదిలేస్తే (మైనస్, పెద్ద ఓ) ఈ తడబాటు లెక్కలోకి రాదు.

నాలుగోది మనిషి. ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య నిలబడితే త దగ్గర సిగ్నల్ 4, 5 డెసిబెళ్లు పడిపోతోంది. శరీరంలో ఉన్నది ఎక్కువగా నీరే, అది ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద ఒకే దిక్కుకు తిప్పి పెట్టి, పరీక్ష మొదలుపెట్టి పక్కకు తప్పుకోవాలి.

ఇవన్నీ సరిచేశాక పాటించిన పద్ధతి:

1. ఛార్జర్ తగిలించి ఉంచాలి.
2. ఐడబ్ల్యూతో సిగ్నల్, ఛానెల్, లింకు రేటు (రూటర్, ల్యాప్‌టాప్ తమ మధ్య కుదుర్చుకున్న వేగం) రాసుకోవాలి.
3. డౌన్‌లోడ్ 30 సెకన్లు, అప్‌లోడ్ 30 సెకన్లు, ఒకటి మార్చి ఒకటి, పలుమార్లు.
4. సెకనుకొక అంకె చొప్పున ఫైల్లోకి దించాలి.
5. అన్నిటినీ చిన్న నుంచి పెద్దకు పేర్చి మధ్యగతం తీయాలి. అట్టడుగు 5 శాతం ఎక్కడ ముగుస్తుందో ఆ అంకెను కూడా తీయాలి.

ఐదో అంశంలోని రెండో అంకె ఈ డైరీ మొత్తానికీ ఆయువుపట్టు. సినిమా డౌన్‌లోడ్ చేసుకునేవాడికి మధ్యగతం చాలు. కాల్‌లో ఉన్నవాడికి మాత్రం అత్యంత చెడ్డ సెకన్లే మొత్తం కాల్.

5 గిగాహెర్ట్జ్, 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పుతో వచ్చినవి:

క: సిగ్నల్ −38 డీబీఎం (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం), లింకు 866, వేగం 588 / 541
చ: −49, లింకు 780, వేగం 512 / 470
ట: −58, లింకు 585, వేగం 371 / 318
త: −71, లింకు 260, వేగం 148 / 83
ప: −79, లింకు 130, వేగం 41 / 14

లింకు 866 ఉన్నా అందింది 588. ఇందులో లోపం ఏమీ లేదు. వైఫైలో ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, పంపే ముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విని ఆగాలి, అందినట్టు రశీదు రావాలి. వీటన్నిటికీ సమయం ఖర్చవుతుంది. లింకు రేటులో 50 నుంచి 70 శాతం అందితే బాగున్నట్టే. పెట్టె మీద ముద్రించే అంకె లింకు రేటే, చాలాసార్లు రెండు బ్యాండ్లవీ కూడి వేసింది.

డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ దూరంలో ఎందుకు అంత తగ్గింది? ల్యాప్‌టాప్ రూటర్ కంటే తక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. తెర మీద కనిపించే సిగ్నల్ గీతలు రూటర్ గొంతు మనకు ఎంత వినిపిస్తోందో చెబుతాయి. మన గొంతు రూటర్‌కు ఎంత వినిపిస్తోందో అవి చెప్పవు.

ఇప్పటివరకు లెక్క, త దగ్గర: మధ్యగతం 148 / 83. అట్టడుగు 5 శాతం 24 / 19.

ఆ 24, 19 కూడా కాల్‌కు సరిపోయే వేగాలే. అయినా కాల్ తెగుతోంది. కాబట్టి వెతకాల్సింది వేగంలో కాదు, ఆలస్యంలో.

## మెట్టు 3: పింగ్ చెప్పిన అబద్ధం

ఆలస్యాన్ని ముందు అత్యంత అనుకూలమైన చోట, అంటే క దగ్గర చూశాను. రెండు మీటర్ల దూరం, నెట్‌వర్క్ మీద ఇంకెవరూ లేరు. పింగ్ చూపించిన మిల్లీసెకన్లు: 3, 88, 41, 102, 5, 67. ఇంత దగ్గర్లో ఇది అసాధ్యంలా కనిపిస్తుంది.

వందకు అటూ ఇటూ ఆగిపోవడమే ఆచూకీ ఇచ్చింది. రూటర్ తన ఉనికిని చాటే బీకన్‌ను మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి పంపుతుంది. బ్యాటరీ ఆదా కోసం వైఫై కార్డు మధ్యమధ్య నిద్రపోయి బీకన్ వేళకు లేస్తుంది. నిద్రలో ఉండగా వచ్చిన ప్యాకెట్‌ను రూటర్ దాచి ఉంచి, తరువాతి బీకన్‌లో ‘నీకొకటి ఉంది’ అని చెబుతుంది. అందుకే ఆలస్యం సున్నాకూ సుమారు వందకూ మధ్య ఎక్కడైనా పడుతుంది. ఐడబ్ల్యూతో పవర్ సేవ్ ఆపగానే అన్నీ 2, 3 మిల్లీసెకన్లకు వచ్చాయి.

రెండో జాగ్రత్త: పింగ్‌ను రూటర్‌కు పంపవద్దు. కొన్ని రూటర్లు తమకే వచ్చిన పింగ్‌కు తీరిక దొరికినప్పుడు జవాబిస్తాయి, దాటిపోయే ప్యాకెట్లకు ముందు దారి ఇస్తాయి. తీగతో ఉన్న డెస్క్‌టాప్‌కు పింగ్ చేస్తే నిజమైన ఆలస్యం వస్తుంది.

యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) పరీక్షలో ఇంకో చిక్కు ఉంది. ఐపెర్ఫ్3 యూడీపీలో రేటు చెప్పకపోతే సెకనుకు ఒక మెగాబిట్ మాత్రమే పంపుతుంది, ఫలితంలో 1.05 అని కనిపిస్తుంది. అది వైఫై వేగం కాదు, పంపిందే అంత. నేను కాల్‌కు దగ్గరగా 5 మెగాబిట్లు పెట్టి ప్యాకెట్ల నష్టాన్నీ జిట్టర్‌నూ (ఆలస్యంలో హెచ్చుతగ్గులనూ) చూశాను. త దగ్గర ఖాళీ సమయంలో నష్టం సున్నా, జిట్టర్ 2 మిల్లీసెకన్ల లోపు. మచ్చ లేని ఫలితం. అంటే రద్దీ లేనప్పుడు ఆ బల్ల దగ్గర సమస్యే లేదు.

## మెట్టు 4: రద్దీలో ఆలస్యం

అసలు విషయం ఇక్కడ బయటపడింది. ఒక కిటికీలో ఐపెర్ఫ్3 నడుస్తుండగా ఇంకో కిటికీలో పింగ్. అంతే పరీక్ష.

త దగ్గర, పవర్ సేవ్ ఆపి:

ఖాళీగా ఉన్నప్పుడు: మధ్యగతం 3 మిల్లీసెకన్లు.
డౌన్‌లోడ్ నడుస్తుండగా: మధ్యగతం 88, అత్యధిక 5 శాతం 460 నుంచి పైకి.
అప్‌లోడ్ నడుస్తుండగా: మధ్యగతం 150, అత్యధిక 5 శాతం 620 నుంచి పైకి.

అర సెకను దాటిన ఆలస్యంతో ఏ సంభాషణా సాగదు. ఫోటోల బ్యాకప్ మొదలైనప్పుడో, ఇంకో ఫైలు దిగుతున్నప్పుడో కాల్ తెగుతోందన్నమాట.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క వేస్తే తేటగా కనిపిస్తుంది. లినక్స్ పరికరాల్లో పంపే క్యూ పొడవు మామూలుగా 1000 ప్యాకెట్లు. ఒక్కోటి 1500 బైట్లు అనుకుంటే మొత్తం 15 లక్షల బైట్లు, అంటే 12 మెగాబిట్లు. తీగ మీద 941 వేగంతో ఆ క్యూ ఖాళీ కావడానికి 13 మిల్లీసెకన్లు చాలు. 148తో అయితే 81. వేగం 24కి జారిన ఆ చెడ్డ సెకనులో 500. అప్‌లోడ్ 19కి జారితే 630. కొలిచిన అంకెలు లెక్క వేసిన అంకెల పక్కనే వచ్చి నిలబడ్డాయి. నా మట్టుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తృప్తినిచ్చిన పేజీ ఇది.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. ప్యాకెట్ పోకూడదని క్యూ పెంచుతూ పోతే, ప్యాకెట్ పోదు కానీ పనికిరాని ఆలస్యంతో చేరుతుంది. క్యూలో ప్యాకెట్ ఎంతసేపు నిలిచిందో చూసి, ఎక్కువసేపు నిలిస్తే ముందుగానే కొన్నిటిని వదిలేసే కోడెల్ పద్ధతిని క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రకటించారు. ఒక్కో ప్రవాహానికి ఒక్కో క్యూ ఇచ్చి దాన్ని నడిపే ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రంగా) వచ్చింది.

ఇప్పటివరకు లెక్క, త దగ్గర: వేగం 148 / 83. అట్టడుగు 24 / 19. రద్దీలో అత్యధిక ఆలస్యం 460 / 620.

ఇక రెండు దారులున్నాయి: చెడ్డ సెకన్లను బాగుచేయడం, క్యూను బాగుచేయడం. రెండూ చేశాను. ఒకసారికి ఒకే మార్పు, మార్పు తరువాత ఐదు గుర్తుల దగ్గరా మళ్లీ కొలత.

## మెట్టు 5: గాలిలో మార్పులు

ఛానెల్. చుట్టుపక్కల రూటర్లు చాలావరకు 36వ ఛానెల్ మీదే ఉన్నాయి. రాడార్లతో పంచుకోవలసిన 52 నుంచి 64 వరకు ఛానెళ్లు ఖాళీగా ఉండటంతో ముందు అక్కడికి వెళ్లాను. అక్కడ రూటర్ ప్రసారం మొదలుపెట్టే ముందు 60 సెకన్లు రాడార్ కోసం వినాలి, తరువాత ఎప్పుడు రాడార్ గుర్తించినా ఛానెల్ వదిలి వెళ్లాలి. పరీక్ష మధ్యలో ఒకసారి సరిగ్గా అదే జరిగి లింకు తెగింది. అసలు సమస్యే కాల్ తెగడం కాబట్టి ఆ ఛానెళ్లను వదిలేశాను. పైనున్న మరో ఛానెల్‌లో త దగ్గర 161 / 90 వచ్చింది. మధ్యగతం పెద్దగా పెరగలేదు, అట్టడుగు మాత్రం 24 నుంచి 62కి ఎగబాకింది. రద్దీ వేళ కొలిస్తేనే ఈ తేడా కనిపిస్తుంది. తెల్లవారుజామున కొలిస్తే పాత ఛానెల్, కొత్త ఛానెల్ ఒకేలా ఉన్నాయి.

వెడల్పు. 80 మెగాహెర్ట్జ్ నుంచి 40కి తగ్గించాను. వెడల్పు సగమైతే లోపలికి వచ్చే నాయిస్ కూడా సగమవుతుంది, అంటే 3 డెసిబెళ్ల లాభం. క దగ్గర వేగం 588 నుంచి 262కి కుప్పకూలింది. త దగ్గర 158 / 104, అట్టడుగు 109 / 33. ప దగ్గర 41 / 14 కాస్తా 58 / 19 అయింది. క దగ్గర 588 చూసుకుని మురిసిపోవడం తప్ప దాన్ని వాడే పని నాకు లేదు. 40 దగ్గరే ఉంచాను. ఇంట్లో పెద్ద ఫైళ్లు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి తరచూ పంపేవారు మాత్రం 80 వదులుకోకూడదు.

రూటర్ చోటు. రూటర్ నేలకు దగ్గరగా, ఇనుప బీరువా పక్కన ఉండేది. గోడకు తలెత్తు చోట, బీరువాకు దూరంగా బిగించాను. త దగ్గర సిగ్నల్ −71 నుంచి −64కి వచ్చింది. 10 డెసిబెళ్లంటే పది రెట్లు, 7 డెసిబెళ్లంటే ఐదు రెట్ల శక్తి. ఖర్చు రెండు మరలు. వేగం 201 / 152, అట్టడుగు 148 / 41. మిగతా మార్పులన్నీ కలిపినా మధ్యగత వేగం ఇంత పెరగలేదు కాబట్టి, ఎవరైనా ఒక్కటే చేయదలిస్తే ఇది చేయాలి.

2.4 గిగాహెర్ట్జ్ సంగతి. కొన్ని చిన్న పరికరాలకు ఈ బ్యాండే దిక్కు. త దగ్గర సిగ్నల్ −62 ఉన్నా వేగం 19 దాటడం లేదు. సిగ్నల్ బాగుండి వేగం లేదంటే దగ్గర్లో నాయిస్ ఉందన్నమాట. అది రూటర్‌కే తగిలించిన యూఎస్‌బీ 3 డిస్కు. యూఎస్‌బీ 3 సంకేతం వెదజల్లే నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కప్పేస్తుందని ఇంటెల్ 2012లోనే వివరంగా ప్రచురించింది. డిస్కును పీకగానే 44 వచ్చింది. పొడవాటి, మంచి కవచం ఉన్న కేబుల్‌తో దూరంగా పెడితే 41. అలాగే ఉంచాను. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నంతసేపూ యూడీపీ నష్టం పెరుగుతుంది, ఆపగానే పోతుంది. దానికి చేయగలిగింది 5 గిగాహెర్ట్జ్‌కు మారడమే.

ఈ బ్యాండ్‌లోనే ఇంకొకటి దొరికింది. దూరాన ఒక పాత పరికరం 6 మెగాబిట్ల రేటుతో పనిచేస్తోంది. 1500 బైట్ల ప్యాకెట్‌ను 6 రేటుతో పంపడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది, 866తో అయితే సెకనులో లక్షో వంతు చిల్లర. ఒకే మైకు ఉన్న సభలో అందరికీ ఒక్కో వాక్యం వంతు ఇస్తే, నత్తిగా మాట్లాడేవారి దగ్గరే సమయమంతా గడిచినట్టు, నెమ్మది పరికరం అందరి వేగాన్నీ తన స్థాయికి లాగుతుంది. 2003లో ఫ్రాన్స్‌కు చెందిన మార్టిన్ హ్యూస్, సహచరులు 802.11బీ అనే పాత వైఫైలో దీన్ని లెక్కగట్టి చూపించారు. ఆ పరికరాన్ని రూటర్‌కు దగ్గరగా జరపగానే దాని రేటు పెరిగింది, మిగతావాటికి గాలి దొరికింది.

ఇప్పటివరకు లెక్క, త దగ్గర: వేగం 201 / 152. అట్టడుగు 148 / 41. రద్దీలో అత్యధిక ఆలస్యం 90 / 280.

క్యూను ముట్టుకోకుండానే ఆలస్యం 460 నుంచి 90కి దిగిందని గమనించండి. అదే క్యూ, కాకపోతే వేగంగా ఖాళీ అవుతోంది.

## మెట్టు 6: క్యూ ఎవరి దగ్గర ఉంది?

రూటర్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ ఉన్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. డౌన్‌లోడ్ రద్దీలో అత్యధిక ఆలస్యం 90 నుంచి 29కి పడింది. అప్‌లోడ్ రద్దీలో 280 అలాగే ఉండిపోయింది. సెట్టింగులు ఎన్ని తిప్పినా ఒక్క మిల్లీసెకను కదలలేదు.

కదలకపోవడమే సరైనది. క్యూ ఎప్పుడూ పంపేవారి దగ్గర పేరుకుంటుంది. వైఫై మీద డౌన్‌లోడ్‌లో పంపేది రూటర్, అప్‌లోడ్‌లో పంపేది ల్యాప్‌టాప్. రూటర్‌లో ఎంత మంచి క్యూ పెట్టినా ల్యాప్‌టాప్ లోపల వెయ్యి ప్యాకెట్లు నిలబడి ఉంటే దానికి తెలిసే మార్గమే లేదు. ల్యాప్‌టాప్‌ను కొత్త కెర్నల్‌తో (లినక్స్ మూలభాగంతో), వైఫై డ్రైవర్‌లోనే ఈ క్యూ పద్ధతి ఉన్నదానితో నడిపించాను. 280 కాస్తా 33 అయింది.

మూడో క్యూ ఇంటి బయటి లైను దగ్గర ఉంది. దాన్ని విడిగా పట్టుకోవడానికి:

1. ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి వైఫైని లెక్కలోంచి తీసేయాలి.
2. బయటి సర్వర్‌కు అప్‌లోడ్ నడుపుతూ బయటికే పింగ్ చేయాలి.
3. నిలకడగా వచ్చే అప్‌లోడ్ వేగాన్ని రాసుకోవాలి.
4. రూటర్‌లో దానికి 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి.

నాకు అప్‌లోడ్ 38, రద్దీలో ఆలస్యం 240 వచ్చాయి. పరిమితి 34 పెట్టాక ఆలస్యం 22. లైను వేగం కంటే కాస్త తక్కువ పెడితేనే క్యూ మోడెమ్‌లోంచి రూటర్‌లోకి, అంటే మన చేతిలోకి వస్తుంది. నాలుగు మెగాబిట్లు ఇచ్చి 218 మిల్లీసెకన్లు కొనుక్కోవడం మంచి బేరమే.

ఇప్పటివరకు లెక్క, త దగ్గర: వేగం 201 / 152. అట్టడుగు 148 / 41. రద్దీలో అత్యధిక ఆలస్యం 29 / 33. బయటి లైను రద్దీలో 22.

బ్యాకప్ నడుస్తుండగా పెట్టిన సుదీర్ఘమైన కాల్‌లో మాట ఎక్కడా తెగలేదు. యాప్‌లో వేగం మాత్రం మొదట్లో ఉన్న తొంభై చిల్లరే.

## మెట్టు 7: ప గుర్తు, ఇంకా మిగిలిన పని

రూటర్ చోటు మారాక ప దగ్గర −74, వేగం 83 / 31. దీన్ని పెంచడానికి త దగ్గర ఒక రిపీటర్ పెట్టి చూశాను. ప దగ్గర సిగ్నల్ −45 అయింది, తెర మీద గీతలన్నీ నిండాయి. వేగం 88 / 61. అప్‌లోడ్ రెట్టింపైనా డౌన్‌లోడ్ దాదాపు అక్కడే ఉంది, ఎందుకంటే ఈ రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, అదే రేడియోతో మళ్లీ చెబుతుంది. ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు తిరుగుతుంది. దాని క్యూ కూడా పాతరకానిదే. రద్దీలో ఆలస్యం 190 దాటింది. తీసేశాను. త దాకా ఈథర్‌నెట్ తీగ లాగి అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై ప్రసారం చేసే పెట్టె) పెట్టడం తరువాతి పని. తీగ వెళ్లే దారి కొలిచాను, 17 మీటర్లు. ఈథర్‌నెట్‌కు 100 మీటర్ల వరకు హద్దు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

కొలతల ఫైల్లో వరుసలు ఇవి: సమయం, గుర్తు, బ్యాండ్, ఛానెల్, వెడల్పు, సిగ్నల్, లింకు రేటు, దిశ, మధ్యగతం, అట్టడుగు 5 శాతం, ఖాళీ పింగ్, రద్దీ పింగ్, పవర్ సేవ్ ఉందా లేదా, రూటర్ ఫర్మ్‌వేర్ వెర్షన్, కెర్నల్ వెర్షన్. చివరి రెండూ మొదట్లో లేవు, తరువాత చేర్చాను. ఒక అప్‌డేట్ తరువాత క దగ్గర వేగం ఉన్నట్టుండి 570 చూపించింది, త దగ్గర అట్టడుగు 70కి పడిపోయింది. వెర్షన్ వరుసలో తేడా కనిపించాక సెట్టింగులు తెరిచి చూస్తే వెడల్పు 40 నుంచి తిరిగి 80కి మారి ఉంది.